శబ్దం వినపడకపోతే

ఆ పట్టీతో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. పట్టీని తలకి ఎలా బిగించాలో అందులో ఉంది. ఛార్జింగు ఎలా పెట్టాలో ఉంది. తడిగుడ్డతో తుడవకూడదని కూడా ఉంది. ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం రాయాలని అక్కడ ఎవరికీ తోచలేదు. అది లేనందువల్ల నా భార్య పోయింది.

నా పేరు వీరబ్రహ్మం. తెనాలిలో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టి బాగుచేస్తాను. మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. ఇందులో సైన్సు ఏదన్నా ఉంటే అది హైమ నాకు చెప్పినంత వరకే.

హైమ నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలిచింది, పెళ్ళయ్యాకా అదే. పిల్లలు లేరు. డిగ్రీ మధ్యలో ఆపేసిన మనిషి, నలభై దగ్గర పడ్డాక ఫోనుల్లో పనిచేసే యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంటానంది. నేను నవ్వలేదు. నవ్వితే మానుకునే రకం కాదు.

మా ఇంట్లో మధ్యాహ్నాలు కరెంటు సరిగా ఉండేది కాదు. దుకాణానికి వేరే లైను. అందుకని ఒక పాత లాప్‌టాప్ పట్టుకుని దుకాణానికి వచ్చేది. నా బల్లకి అటు చివర కూర్చునేది. ఇటు చివర నేను చేతిచక్రం తిప్పుతూ తీగ చుట్టేవాణ్ణి. వార్నీషు వాసనకి మొదట్లో తలనొప్పి అంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

నేను చుట్లు పైకే లెక్కపెడతాను. గొంతెత్తి చెప్పకపోతే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది. మా వైపు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా నాన్న నుంచి నాకు ఆ అలవాటు వచ్చింది. లాభం, రెండు, మూడు, నాలుగు. రోజంతా ఇదే.

"వీళ్ళు సున్నా నుంచి లెక్కపెడతారంట బావా," అంది ఒకరోజు లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా.

"సున్నా నుంచి లెక్కపెడితే మోటారు కాలిద్ది."

"మోటారు కాదయ్యా, యాప్."

"ఏదైనా కాలిద్ది."

నేర్చుకోవడానికి ఆవిడకి గురువు లేడు. ఆ కంపెనీలవాళ్ళు ఇంటర్నెట్లో పెట్టిన పాఠాలే. మొదట్లో ఏడుపే. ఒక పేజీలో 'ఇప్పుడు మీ ఫోనును కలిపి యాప్‌ను నడపండి' అని ఉంది. కలిపింది. ఏమీ రాలేదు. వైరు మార్చింది, ఫోను మార్చింది, నన్ను తిట్టింది. రోజుల తరబడి ఆ ఒక్క వాక్యం దగ్గరే కూర్చుంది. తనకి బుర్ర లేదని నిశ్చయం చేసుకుని లాప్‌టాప్ మూసేసే రోజున, ఎవరో ఎక్కడో ఒక మూల రాసిన మాట దొరికింది. దానికి ముందు ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి, ఒక నంబరు మీద ఏడుసార్లు నొక్కాలట. అప్పుడు దాచిపెట్టిన పేజీ ఒకటి తెరుచుకుంటుందట.

"ఏడుసార్లు నొక్కాలంట బావా!"

"నొక్కి మూడుసార్లు ఉమ్మాలని లేదా?"

"ఉన్నా వీళ్ళు రాయరు." ముక్కు చీదుకుంటూనే నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి అంది: "రాసినోడు చెడ్డోడు కాదు. వాడి ఫోనులో ఎప్పుడో నొక్కేసి ఉంటాడు. నొక్కిన సంగతే మర్చిపోయాడు. వాడికది మెట్టులాగా కనపడదు. కొత్తగా వచ్చినోడు మాత్రం అక్కడే కింద పడతాడు. పడి, తప్పు తనదే అనుకుంటాడు."

ఆ మాట దగ్గరే ఆవిడ జీవితం తిరిగింది. యాప్‌లు చేయడం కంటే, యాప్‌లు చేయడం ఎలాగో ఒక్క మెట్టూ వదలకుండా తెలుగులో రాయడం మీద పడింది. మొదటి పాఠం లెక్కపెట్టే యాప్. తెర మీద బొత్తాం నొక్కితే అంకె ఒకటి పెరుగుతుంది, మగగొంతు ఒకటి ఆ అంకె చెబుతుంది. ఆ గొంతు నాది. దుకాణంలోనే, నా పని ఆపకుండా, ఫోను నోటి దగ్గర పెట్టి రికార్డు చేసింది.

"నా గొంతెందుకే? రేడియోలో వాళ్ళెవరూ దొరకలేదా?"

"నేను నేర్చుకుంది ఈ గొంతు వింటానేగా. నేర్చుకునేవాళ్ళంతా ఇదే వినాల."

"మొదట్లోనే లాభం అంటంటే పిల్లకాయలు తికమకపడరా?"

"ఎందుకంటారో దాని కింద రాశాలే. నేనేదీ వదల్ను."

నిజమే. ఆవిడ ఏదీ వదల్లేదు. వదిలింది వేరేవాళ్ళు.

*

మంగళగిరిలో తొలిమెట్టు అని ఒక ల్యాబు ఉంది. అక్కడివాళ్ళు హైమ పేజీలు చూసి పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఆ ల్యాబుకి పెద్ద డాక్టర్ మృణాళిని. మెదడు మీద చదువుకున్న మనిషి. మెల్లగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఆవిడ చెడ్డదని నేను అనను. అలా అంటే నాకే తేలికవుతుంది.

వాళ్ళు కనిపెట్టింది ఆ పట్టీ. పేరు కొత్తకన్ను. మొదటిసారి పెట్టేటప్పుడు ఇంటివాళ్ళు ఒకరు పక్కన ఉండాలన్నారు. వెళ్ళాను. అద్దాల గది బయట కుర్చీ వేశారు. లోపల చలి, తెల్లటి ట్యూబులైట్లు, వరసగా కంప్యూటర్లు.

హైమ తలకి పట్టీ బిగించి ముందు కాసేపు మామూలుగా పని చేయమన్నారు. ఆవిడ టైపు చేస్తుంటే ఒక తెర మీద మెదడు బొమ్మలో అక్కడక్కడా చుక్కలు వెలిగాయి. యాప్‌లు చేసే ఆ విద్య తలలో ఎక్కడెక్కడ ఉందో అలా పట్టుకుంటారట. తర్వాత బీరువా అంత యంత్రం ఒకటి ఆన్ చేశారు. వెలిగిన చుక్కలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"నొప్పి ఉండదండీ. ఆ ఒక్క విద్య సాయంత్రం దాకా నిద్రపోతుంది, అంతే," అంది మృణాళిని.

హైమ ముందు తను రాసిన పేజీయే పెట్టారు. చదివింది. నుదురు ముడేసింది. అద్దంలోంచి మాట వినపడుతూనే ఉంది.

"ఏమండీ, ఫోల్డరు తెరవమన్నారు. ఏ ఫోల్డరు? ఎక్కడుంది అది?"

ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదట. ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడ ఒక గుర్తు పెట్టుకున్నారు. ఇంకాస్త చదివి చేతులు బల్ల మీద పడేసింది.

"ఎవరండీ ఇది రాసింది? మడిసేనా? మధ్యలో ఒక మెట్టు ఎగరేసి పోయిందిగా!"

గదిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం యంత్రంతో మళ్ళీ ఆ చుక్కలు వెలిగించారు. వెలిగేటప్పుడు టైపు చేయమన్నారు, చేస్తుంటే ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. తను ఏమందో వీడియోలో చూపిస్తే హైమ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నిజంగా కొత్తవాళ్ళనే కూర్చోబెట్టొచ్చుగా?" అని అడిగాను మృణాళినిని.

"వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో చెప్పరు బ్రహ్మంగారూ. తమకే రాదనుకుని సిగ్గుపడి వెళ్ళిపోతారు. హైమగారైతే తెలియకుండా చదివి, తెలిశాక రాస్తారు. రెండు ఒడ్లూ చూసిన మనిషి."

ఆ మాట నాకప్పుడు బాగుంది.

అప్పట్నుంచి వారానికి ఒకసారో రెండుసార్లో పట్టీ పెట్టేవాళ్ళు. హైమ మధ్యాహ్నం ఏమీ తెలియని మనిషి అయ్యేది, సాయంత్రం బస్సెక్కేటప్పటికి అన్నీ తెలిసిన మనిషి. పేజీలు బాగుపడ్డాయి. మారుమూల ఊళ్ళ నుంచి పిల్లలు ఉత్తరాలు రాసేవాళ్ళు. మేడం, మీ పేజీ చూసి మొదటిసారి నా యాప్ నడిచింది అని. హైమ అవి నాకు చదివి వినిపించేది. జీతం వస్తోంది కదా అని నాకు చుట్లు తనే లెక్కపెట్టుకునే మెషీను కొనిపెట్టింది. పాత చేతిచక్రం అటక ఎక్కించాను. దుకాణంలో లెక్కపెట్టే గొంతు ఆగిపోయింది.

*

ఒకరోజు పట్టీ పెట్టి మొదటి పాఠం మళ్ళీ చదివించారు. హైమ బొత్తాం నొక్కింది. అంకె మారింది. మళ్ళీ నొక్కింది. తలెత్తి చెప్పింది.

"ఇక్కడ శబ్దం వస్తదని రాశారు. రావట్లేదు."

గదిలో ఫణీంద్ర అనే ఇంజనీరు ఉన్నాడు. వెళ్ళి చూశాడు. శబ్దం వస్తోంది. లాభం, రెండు, మూడు. అందరికీ వినపడుతోంది.

"స్పీకరు సరిగానే ఉందమ్మా. మీరు సరిగా వినలేదేమో."

"రావట్లేదయ్యా. నేనేమన్నా అబద్ధం చెబుతన్నానా?"

నియమం ప్రకారం ఆవిడ ఆగినచోట గుర్తు పెట్టుకోవాలి, వాదించకూడదు. పెట్టుకున్నారు. ఆ గుర్తుకి ఏదో ఒక జవాబు రాయాలి కాబట్టి ఫణీంద్ర ఆ పేజీలో బొత్తాం కింద ఒక వాక్యం చేర్చాడు. 'శబ్దం వినపడకపోతే మీ స్పీకరు సరిచూసుకోండి.'

ఆ సాయంత్రం హైమ నవ్వుతూ నాకిది చెప్పింది. "పట్టీ పెట్టుకుంటే చెవులు కూడా మొద్దుబారతయ్యేమో బావా."

నేనేదో అన్నాను. ఆవిడ అప్పుడు గిన్నెలు సర్దుతోంది, నావైపు తిరిగి లేదు. జవాబు చెప్పలేదు.

తర్వాత్తర్వాత ఇలాంటివి పెరిగాయి. పెరట్లోంచి పిలిస్తే పలికేది కాదు. తువ్వాలు అడిగితే తెచ్చేది కాదు. ఎదురుగా ఉండి మాట్లాడితే మాత్రం మామూలుగా ఉండేది. పెద్ద ఉద్యోగం వచ్చాక మనిషికి పొగరు వచ్చిందనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా, వెనకనుంచి. దానికీ పలకలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. సన్నటి ఈల కూడా వినపడుతోందన్నాడు.

ఒక ఆదివారం దుకాణంలో ఉన్నాం. దావులూరు నుంచి ఒక రైతు మోటారు తెచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. హైమ బల్లకి అటు చివర, తన పాత చోట్లో, లాప్‌టాప్ ముందు ఉంది. నేను గుమ్మంలో నుంచుని వార్నీషు డబ్బాలు తెచ్చేవాడికి ఫోను చేయబోయి పొరపాటున హైమకి చేశాను. ఆవిడ ఎత్తింది.

"అదేందే, నీకొచ్చిందా?" అన్నాను.

"హలో," అంది. "హలో. బావా, మాట్లాడవేంది?"

"మాట్లాడతన్నాగా."

"హలో? ఏమీ రావట్లేదు." ఫోను చెవి దగ్గర్నుంచి తీసి తెర చూసుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "నీ ఫోను పాడైందయ్యా."

నేను ఆవిడ వెనకాలే, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఫోను దించి, హైమా అన్నాను. కదల్లేదు. గట్టిగా, దుకాణం అదిరేట్టు అన్నాను. జుట్టు సర్దుకుంది, అంతే. బెంచీ మీద రైతు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మాయ్, మీ ఆయన అంతలా అరుస్తంటే ఇనపట్టంలా?"

ఆయన మాటకి గభాలున తిరిగింది. నన్ను చూసింది. నా చేతిలో ఫోను చూసింది. లాప్‌టాప్‌లో మొదటి పాఠం తెరిచి బొత్తాం నొక్కింది. లాభం అంది నా గొంతు.

"వస్తందా?" అని అడిగింది నన్ను.

"వస్తంది."

ఆవిడ నా కళ్ళలోకి చూడట్లేదు. నా పెదాలు చూస్తోంది. ఎదురుగా ఉన్నప్పుడు ఇన్నాళ్ళూ అలా చూసే అర్థం చేసుకుందన్నమాట, తనకే తెలియకుండా. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. అంకెలు పెరుగుతూ పోయాయి. రైతు లేచి, మోటారు రేపు తీసుకుంటాలే అని వెళ్ళిపోయాడు.

"ఆ రోజు నేను గుర్తు పెట్టించింది పేజీలో ఖాళీ కాదు బావా," అంది.

*

ఎందుకిలా అయిందో కనిపెట్టింది హైమే. ల్యాబులో ఆవిడ కంటే ముందు పట్టీ పెట్టుకున్నవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఒకటే ప్రశ్న అడిగింది. మీరీ విద్య ఎక్కడ కూర్చుని నేర్చుకున్నారు? అందరూ ఒకటే చెప్పారు. కాలేజీలో, కంప్యూటరు ల్యాబులో.

ఆ సాయంత్రం హైమని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళాను. ఇంటికి నడుస్తూ చెప్పింది. నేను ఆవిడకి కొంచెం ముందు, వెనక్కి తిరిగి నడవాల్సి వచ్చింది, నా నోరు కనపడాలి కాబట్టి. దారిలో వాళ్ళు నవ్వుకున్నారు.

"చలి గది, ట్యూబులైట్లు, వరసగా కంప్యూటర్లు. వాళ్ళు నేర్చుకుంది అట్టాంటి చోటే, వాళ్ళని లేపిందీ అట్టాంటి చోటే. అందుకని వాళ్ళకి అన్నీ తిరిగొచ్చినయ్. అలా లేపితేనే వస్తయ్యని వాళ్ళెవరికీ తెలీదు. పుస్తకం రాసినోళ్ళూ ఆ గదుల్లో నేర్చుకున్నోళ్ళే."

"నువ్వో?"

"నేను నేర్చుకుంది వార్నీషు వాసనలో, నీ చక్రం చప్పుడులో, నీ లెక్కలో. అన్నీ కలిసి లోపలికెళ్ళినయ్. నిద్రపుచ్చినప్పుడు అన్నీ కలిసి నిద్రపోయినయ్. లేపేటప్పుడు టైపు చేయమంటారు, పని పిలిస్తే పని లేచింది. నీ గొంతుని ఆ గదిలో ఎవరు పిలుస్తారు బావా? పట్టీ పెట్టినప్పుడల్లా ఇంకొంచెం కిందకి పోయింది."

"అంటే నా గొంతు అసలు వినపడదా?"

"చెవిలో పడతది. అది మడిసి గొంతని నా తల అనుకోదు. ఫ్యాను చప్పుడుని పక్కకి తోసేసినట్టు తోసేస్తది."

మందు కూడా తనే చెప్పింది. ఆ విద్యని ఇంకొక్కసారి నిద్రపుచ్చి, ఈసారి మా దుకాణంలో లేపాలి. వాసన ఉండాలి, చేతిచక్రం తిరగాలి, నేను పైకి లెక్కపెట్టాలి. అప్పుడు పనితో పాటు గొంతూ లేస్తుంది. తొందరగా చేయాలి. ఆలస్యమైన కొద్దీ అది మరీ కిందకి పోతుంది.

మర్నాడు ఇద్దరం మృణాళిని ముందు కూర్చున్నాం. హైమ చెబుతుంటే ఆవిడ ముఖం పాలిపోయింది. అర్థం చేసుకోవడానికి ఆవిడకి రెండో మాట అవసరం లేకపోయింది.

"మీరు చెప్పింది నిజం," అంది. "ఇది మేం చూడలేదు."

"మరి యంత్రం ఎప్పుడు తెస్తారు మేడం?" అన్నాను.

అక్కడ మెలిక పడింది. పట్టీని బయటికి విడుదల చేసే రోజు దగ్గర పడిందట. డబ్బు పెట్టేవాళ్ళు, అనుమతి ఇచ్చేవాళ్ళు చూడటానికి వస్తున్నారట. లేపే యంత్రం వాళ్ళకి ఒకటే ఉంది, దాన్నిప్పుడు విప్పి తెనాలి తీసుకెళితే మళ్ళీ బిగించి సరిచూడటానికి చాలా సమయం పడుతుందట. నేర్చుకున్న చోటే లేపాలని హైమ రాసిచ్చిన వాక్యం ఇప్పుడు పుస్తకంలో చేరిస్తే పరీక్షలన్నీ మొదటి నుంచీ చేయమంటారట.

"విడుదల అవగానే మొదటి పని ఇదే. మాట ఇస్తున్నాను. ఈలోపు హైమగారికి పట్టీ పెట్టం."

"పుస్తకంలో ఆ వాక్యం లేకుండానే అమ్ముతారా?"

"మొదట కొనేది కంపెనీలే బ్రహ్మంగారూ. అక్కడి వాళ్ళంతా కాలేజీల్లో నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళకి ప్రమాదం ఉండదు."

నేను లేచాను. హైమ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "సరే మేడం," అంది.

బయటికి వచ్చాక హైమ ముందు నుంచుని అడిగాను, ఎందుకు ఒప్పుకున్నావని.

"ఆ పట్టీ బయటికొస్తే ఎన్ని పాఠాలు బాగుపడతయ్యో తెలుసా? నాలాగా తప్పు తమదే అనుకుని ఏడ్చేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలీదు. కొన్నాళ్ళేగా."

"నాకు కొన్నాళ్ళు కాదు."

"కోపంలో నీ మూతి బాగా కనపడతది బావా. ప్రతి అక్షరం తెలుస్తంది," అని నవ్వింది.

మృణాళినిని నేను క్షమించలేదు. ఆ రోజు సరే అన్నందుకు హైమని కూడా క్షమించలేదు.

*

అటక మీంచి చేతిచక్రం దించాను. తుప్పు గీకి, నూనె వేశాను. కొత్త మెషీను మూలకి జరిపి గోనెపట్టా కప్పాను. బల్లని మునుపు ఉన్నట్టే తిప్పి పెట్టాను. హైమ రోజూ ల్యాబు నుంచి వచ్చి చూసి, అది అటు, ఇది ఇటు అని సర్దించేది. అప్పట్లో గోడకి ఒక పాత క్యాలెండరు ఉండేదట, గాలికి కొట్టుకునేదట. నాకు గుర్తు లేదు. అలాంటిదే తెచ్చి తగిలించాను.

నేను చక్రం ముందు కూర్చుంటే పక్కన స్టూలు వేసుకుని నా గొంతు మీద అరచెయ్యి ఆనించేది. "చెప్పు," అనేది.

లాభం అనేవాణ్ణి. రెండు. మూడు.

"లాభం అనేటప్పుడు కిందెక్కడో కదులుతది," అనేది. "రెండు పైకి వచ్చిద్ది. మూడుకి దవడ కింద అదురుతది." కళ్ళు మూసుకుని, చేత్తో వినేది. అసలు గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి చూసేది. "బొంగురుగా ఉండేదా?"

"నాకేం తెలుసు నా గొంతు ఎట్టా ఉంటదో."

"అదీ నిజమేలే. నువ్వూ రాసుకోలా, నేనూ రాసుకోలా."

విడుదల వాయిదా పడింది. వచ్చేవాళ్ళలో ఎవరికో వీలు కాలేదట. మృణాళిని ఫోను చేసి ఇంకొంచెం ఓపిక పట్టమంది. ఆ ఫోను నేనే ఎత్తాను. ఆవిడ గొంతు నాకు స్పష్టంగా వినపడింది.

ఆ వారంలోనే మంగళగిరిలో పంపుసెట్ల కొట్టుకి పని మీద వెళ్ళి, ఎలాగూ వచ్చాను కదా, హైమతో కలిసి ఇంటికి వెళదామని ల్యాబు దగ్గరికి వెళ్ళాను. రోడ్డుకి ఇవతల బస్సు ఆగే చోట నుంచున్నాను. ఆవిడ అవతల గేటులోంచి బయటికి వచ్చింది. పక్కన ఏదో బిల్డింగు కడుతున్నారు. అందులోంచి టిప్పరు ఒకటి వెనక్కి వస్తోంది. వెనక్కి వచ్చేటప్పుడు మోగాల్సిన హారను మోగట్లేదు. ఇంజను చప్పుడు ఉంది, కానీ ఆ రోడ్డు నిండా ఇంజన్ల చప్పుళ్ళే. హైమ బస్సు వచ్చే వైపు చూస్తూ నడుస్తోంది.

అరిచాను. హైమా, ఆగు అన్నాను. మళ్ళీ అరిచాను. రోడ్డు మీద ఒకతను సైకిలు ఆపి నావైపు చూశాడు. కొబ్బరిబోండాలు కొట్టేవాడు కత్తి పట్టుకుని తలెత్తాడు. నా గొంతుకి అక్కడ ఉన్నవాళ్ళంతా తిరిగారు. తిరగని మనిషి ఒక్కతే.

రోడ్డు మీదకి దూకాను. చేతికి అందలేదు.

టిప్పరు డ్రైవరు మీద కేసు పెట్టారు. తన తప్పేం లేదని, ఆవిడే చూసుకోలేదని అతను చెప్పాడట. మొగుడు అంత అరుస్తున్నా వినిపించుకోలేదని సాక్షులు కూడా రాయించారు. అది నిజమే కాబట్టి నేను ఏమీ అనలేకపోయాను.

*

పట్టీ విడుదలైంది. పేపర్లో ఫోటోలు పడ్డాయి. చాలా నెలల తర్వాత మృణాళిని మా దుకాణానికి వచ్చింది. ఒక్కతే, బస్సులో వచ్చిందట. జుట్టు బాగా తెల్లబడింది. గుమ్మంలో నుంచుని లోపలంతా చూసింది. సర్దిన బల్ల, చేతిచక్రం, గోడకి కొట్టుకుంటున్న పాత క్యాలెండరు. ఎందుకలా ఉన్నాయో ఆవిడకి తెలుసు. కూర్చోమని నేను అనలేదు.

సంచిలోంచి కొత్త పుస్తకం తీసి ఒక పేజీ తెరిచి ఇచ్చింది. ఎర్ర అక్షరాల్లో ఉంది. 'లేపేటప్పుడు ఆ మనిషి ఆ విద్య నేర్చుకున్న చోటే ఉండాలి. అప్పుడు చుట్టూ ఉన్న వాసనలు, చప్పుళ్ళు, మనుషుల గొంతులు ఇప్పుడూ ఉండాలి. ఇవి లేకుండా లేపవద్దు.'

"హైమగారు రాసిచ్చిన వాక్యాలే. ఒక్క అక్షరం మార్చలేదు. మీరు సరేనంటే పుస్తకం మొదట్లో ఆమె పేరు వేస్తాం."

"వద్దు."

ఆవిడ సంచి బల్ల మీద పెట్టింది. "మిమ్మల్ని ఎలా అడగాలో తెలియట్లేదు. ఆ రోజు రోడ్డు మీద మీరు చూసింది... మీరు కావాలంటే, ఆ ఒక్క జ్ఞాపకాన్నీ పట్టీతో నిద్రపుచ్చొచ్చు."

"హైమ కూడా నిద్రపోద్ది దాంతోపాటు. మీకు తెలీదా?"

తల దించుకుంది. "క్షమించమని అడగడానికి రాలేదండీ."

"అడగొద్దు."

"నేను చేయగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి."

"లాప్‌టాప్ తెచ్చారా? మొదటి పాఠం తెరవండి."

బల్లకి అటు చివర పెట్టి తెరిచింది. బొత్తాం నొక్కాను. లాభం అంది. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఎవరెవరో పిల్లలు రోజూ వింటున్న గొంతు. బొంగురుగానే ఉంది. బొత్తాం కింద చిన్న అక్షరాల్లో ఆ వాక్యం అలాగే ఉంది. 'శబ్దం వినపడకపోతే మీ స్పీకరు సరిచూసుకోండి.'

"ఈ వాక్యం తీసెయ్యండి."

"ఇది పనికొచ్చేదేనండీ," అంది మెల్లగా. "నిజంగానే స్పీకరు ఆపేసి ఉంచుకునే పిల్లలుంటారు. తీసేస్తే మళ్ళీ అక్కడొక ఖాళీ..."

"మా ఆవిడ స్పీకరు బాగానే ఉంది."

ఆవిడ తెర దగ్గరికి వంగింది. అది ఎప్పుడు, ఎందుకు చేర్చిన వాక్యమో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఒక్కొక్క అక్షరమే చెరిపింది. చివరి అక్షరం పోయేదాకా నేను చూశాను.

"గొంతు కూడా తీసేయమంటారా?"

"అది ఆవిడ పెట్టింది. మీరు ముట్టుకోవద్దు."

ఆవిడ వెళ్ళిపోయింది. బల్ల మీద మోటారు ఒకటి విప్పి ఉంది, సాయంత్రానికి ఇవ్వాలి. తలుచుకుంటే మెషీను మీద పట్టా తీయొచ్చు. తీయలేదు. చేతిచక్రానికి తీగ తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. పైకి లెక్కపెట్టలేదు. ఆ రోడ్డు తర్వాత నేను పైకి లెక్కపెట్టడం మానేశాను. మనసులోనే అనుకుంటూ తిప్పాను. కొంత దూరం పోయాక లెక్క తప్పింది. తీగంతా విప్పాను. మళ్ళీ మొదటి నుంచీ చుట్టాను.